ధ్వనిముద్రణము – పాఠపరిష్కారము

తిరుమల దేవాలయమునందలి సంకీర్తన భాండారమునఁ జిరకాలము మఱుఁగుపడియుండి వెలికివచ్చిన తాళ్లపాకవారి రాగిఱేకులను గూర్చి తెలుఁగు పాఠకులకు వేఱుగాఁ జెప్పనక్కఱలేదు. ఆ ఱేకులపై సాహిత్యము కలదు. కీర్తనకు శిరోభాగమున రాగము పేరును గలదు. పాడిన తీరు మాత్రము లేదు. వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ మొదలగు పండితులు సాహిత్యమును బరిష్కరింపఁగలిగిరి. వరుసలను మాత్రము క్రొత్తగాఁ గట్టుకొనవలసివచ్చెను. శర్మగారు స్వయముగాఁ బెక్కు కీర్తనలకు స్వరరచన చేసిరి. రాగి నిలిచినది, అక్షరము నిలిచినది, గొంతు నిలువలేదు.

గొంతును గూడ వ్రాఁతవలె నిలుపవలె నను కోరిక నెఱవేఱి యించుమించుగా నూటయేఁబది యేండ్లయినది. నేఁడా పనికి ముఖ్యసాధనము డిజిటల్ ఆడియో వర్క్‌స్టేషన్ అనఁబడు కంప్యూటరు సాఫ్ట్‌వేరు. గాయకుని కంఠమును, వాద్యములను వేర్వేఱు ట్రాకులుగా గ్రహించి, వానిని దెఱపై గీఁతలుగాఁ జూపి, కత్తిరించి, అతికించి, శ్రుతి సవరించి, తుదకు మేళవించి పాటగా వెలువరించుట దీని కార్యము. సినిమాపాట మొదలుకొని యింటి గదిలోఁ బాడిన భజన వఱకు నేఁడు దీని గుండ నడచుచున్నవి. ఇది యంత్రవిద్యకుఁ జెందిన విషయ మని సాహిత్యపరిశోధకులు దీనిని దాఁటిపోవుట కలదు. అది యుచితము కాదు. ఏలయన నిందలి మూలప్రశ్నలు తాళపత్రగ్రంథములను శోధించువారికిఁ జిరపరిచితములే. ఏది మూలప్రతి? ఎవరు దిద్దిరి? దిద్దిన జాడ మిగిలినదా? ఈ మూఁడు ప్రశ్నలను జేతఁ బట్టుకొని ధ్వనిముద్రణ చరిత్రమును బరిశీలించుట యీ వ్యాసముయొక్క యుద్దేశము.

మసిపూసిన కాగితము

శబ్దమును మొట్టమొదట లేఖనముగా మార్చినవాఁడు అచ్చుకూటములలోఁ బనిచేసినవాఁ డగుట గమనింపఁదగినది. ప్యారిసు నగరమున శాస్త్రగ్రంథముల ప్రూఫులను దిద్దుచుండిన ఎడ్వార్ లియోన్ స్కాట్ ద మార్తెన్‌విల్ 1857వ సంవత్సరమున ఫోనాటోగ్రాఫ్ అను సాధనమునకుఁ బేటెంటు పొందెను. బాకావంటి గొట్టములోనికి మాటాడినపుడు దాని కొననున్న పలుచని పొర కదలును. పొరకుఁ దగిలించిన సన్నని ముల్లు, దీపపు మసి పూసిన కాగితముపై వంకరగీఁతను గీయును. ఆ గీఁతను మఱల శబ్దముగా మార్చు నుద్దేశము స్కాటునకు లేదు. చెవికిఁ గాక కంటికిఁ జదువఁదగిన ధ్వనిలిపిని సృష్టించుటయే యతని సంకల్పము.

1860 ఏప్రిల్ నెలలో నతఁ డొక ఫ్రెంచి జానపదగీతమును బాడి గీయించిన కాగితము ప్యారిసున భద్రపఱుపఁబడెను. నూటనలువదియెనిమిది యేండ్లకు, అనఁగా 2008లో, అమెరికా పరిశోధకులు ఆ గీఁతకుఁ బ్రతిబింబము తీసి, కంప్యూటరు సహాయమున శబ్దముగా మార్చిరి. చిన్న బాలిక పాడినట్లు వినఁబడెను. పత్రికలును నట్లే ప్రకటించెను. కాని స్కాటు తన గీఁత ప్రక్కనే కాలప్రమాణము కొఱకు శ్రుతిదండపుఁ గంపనములను గూడ గీయించియుండెను. పోకయు రాకయుఁ గలిసి యొక కంపన మని నేఁటివారి లెక్క. పోక యొకటి, రాక యొకటి యని ఆ కాలపు ఫ్రెంచివారి లెక్క. ఈ భేదము తెలియమిచే వేగము రెట్టింపైనది. 2009లో నీ పొరపాటును దిద్ది సగము వేగమున వినిపింపఁగా బాలిక గొంతు మగవాని గొంతయ్యెను. అది స్కాటు కంఠమే కావలెనని పరిశోధకుల యభిప్రాయము.

ఈ వృత్తాంతము వలన రెండు విషయములు తేలుచున్నవి. ధ్వనిలేఖమును వినుటయు నొక పాఠనిర్ణయమే యనుట మొదటిది. లేఖకుఁడు ప్రక్కన వ్రాసి యుంచిన చిన్న గుఱుతే నూఱేండ్ల పిదపఁ దప్పును బట్టించు ననుట రెండవది. శ్రుతిదండపు గీఁత లేకున్న నా బాలిక యెన్నఁటికిని బాలికగనే యుండెడిది.

దిద్దరాని మైనము

1877లో ఎడిసన్ తగరపు రేకు చుట్టిన స్తూపముపై శబ్దమును జెక్కి, దానినుండియే మఱల వినిపించెను. తగరము పోయి మైనపు స్తూపము వచ్చెను. 1887లో ఎమిల్ బెర్లినర్ బల్లపరుపు బిళ్లను, అనఁగా గ్రామఫోను ప్లేటును, బ్రవేశపెట్టెను. ఒక్క యచ్చునుండి వేలకొలఁది ప్రతులు తీయుటకు వీలు కలుగుటచే ఇది ముద్రణాలయపుఁ బుస్తకమువలె వ్యాపించెను.

భారతదేశమునకు గ్రామఫోను కంపెనీ పక్షమున ఫ్రెడ్ గైస్‌బర్గ్ 1902లో వచ్చి, నవంబరు నెలలోఁ గలకత్తాలో ముద్రణము లారంభించెను. గౌహర్ జాన్ పాటలు నపుడు ముద్రింపఁబడినవే. పాట తుద నామె తన పేరును ఇంగ్లీషులోఁ జెప్పుట ఆ ప్లేట్లలో వినవచ్చును. ముద్రితమైన మైనపు బిళ్లలు జర్మనీలోని హనోవరుకుఁ బోయి యచ్చుపడి రావలసియుండెను గనుక, అచ్చటి పనివారు గాయనిని గుర్తించుట కది యుపకరించెనని చెప్పుదురు. మన కావ్యములలోని యాశ్వాసాంతగద్యయు, పదకర్తల ముద్రయుఁ జేయు పనియే యిదియు.

ఈ కాలపు ముద్రణమునకు ముఖ్యలక్షణము దిద్దుబాటు లేమి. ప్లేటునకు మూఁడు నిమిషముల చొప్పునఁ గాలము. గాయకుఁడు రెండవ నిమిషమునఁ దప్పినను, దగ్గినను, మైనమును బాఱవైచి మొదటినుండి పాడవలెను. కావున నాఁటి ప్లేటును వినునపుడు ఆ మూఁడు నిమిషములు నెడతెగక జరిగిన వని నమ్మవచ్చును. గ్రియర్సన్ నడపిన భారతదేశ భాషాసర్వేక్షణమునకుఁ దోడుగా 1913 మొదలు 1929 వఱకుఁ జేయఁబడిన గ్రామఫోను ముద్రణములకు, వానిలోని తెలుఁగు ముద్రణములకు, భాషాశాస్త్రదృష్టిని విలువ కలుగుట కిదియు నొక హేతువు.

అట్లని యవి పరమసత్యములును గావు. బాకాకు దూరముగా నున్న వాద్యము వినఁబడదు. మెల్లని గొంతు పడదు. గంట సేపు విస్తరింపఁదగిన రాగము మూఁడు నిమిషములకుఁ గుదింపఁబడును. 1925లో మైక్రోఫోనుతోఁ గూడిన విద్యుత్పద్ధతి రాఁగా మెల్లని గొంతునకుఁ జోటు దొరకెను. కాలపరిమితి మాత్రము తొలఁగలేదు; దిద్దుబాటును రాలేదు.

కత్తెర చేతికి వచ్చుట

1928లో జర్మనీ దేశస్థుఁడు ఫ్రిట్స్ ఫ్లాయిమర్ ఇనుపపొడి యంటించిన కాగితపు నాడాపై ధ్వనిని నిలుపు పద్ధతికిఁ బేటెంటు తీసికొనెను. దానినుండి ఏ.ఇ.జి. కంపెనీవారు మాగ్నెటోఫోన్ అను టేపుయంత్రమును నిర్మించి 1935లో బెర్లిను రేడియో ప్రదర్శనమునఁ బెట్టిరి. రెండవ ప్రపంచయుద్ధానంతరము అమెరికా సైనికోద్యోగి జాక్ ముల్లిన్ అట్టి యంత్రములు రెంటిని స్వదేశమునకుఁ దెచ్చి, 1946లో శాన్ ఫ్రాన్సిస్కోలో నిపుణుల యెదుటఁ బ్రదర్శించెను. ప్రసిద్ధ గాయకుఁడు బింగ్ క్రాస్బీ తన రేడియో కార్యక్రమమును 1947నుండి టేపుపై ముద్రించి, కత్తిరించి, కూర్చి ప్రసారము చేయించెను.

దీనితో ధ్వనిముద్రణ చరిత్రమునఁ గ్రొత్త యధ్యాయ మారంభమయ్యెను. నాడాను గత్తిరింపవచ్చును; కత్తిరించినదానిని మఱియొకచోట నతుకవచ్చును. ఒకనాఁటి సభలో ప్రేక్షకులు నవ్విన నవ్వును దాఁచి, మఱునాఁటి చప్పని హాస్యమునకుఁ దగిలించు నాచారము క్రాస్బీ కార్యక్రమముననే పుట్టెనని ముల్లిన్ స్వయముగాఁ జెప్పియున్నాఁడు. ప్రక్షిప్తమునకు ఇంతకంటెఁ జక్కని యుదాహరణము వేఱొకటి యక్కఱలేదు. 1957లో గిటారువాద్యనిపుణుఁడు లెస్ పాల్ కొఱకు ఆంపెక్స్ కంపెనీ యెనిమిది ట్రాకుల యంత్రమును జేసియిచ్చెను. ఒక్క మనుష్యుఁడే యెనిమిది మాఱులు వాయించి యెనమండుగురుగా వినఁబడుట కిది త్రోవ చేసెను.

ఇది యసత్యమా, కళయా యను చర్చ యప్పుడే పుట్టినది. కెనడా దేశపుఁ బియానో విద్వాంసుఁడు గ్లెన్ గూల్డ్ 1964లో సభలలో వాయించుట మానివైచి, 1966లో ధ్వనిముద్రణ భవిష్యత్తును గూర్చి ఒక వ్యాసము వ్రాసెను. బాఖ్ రచనయందలి ఒక ఫ్యూగును బలుమాఱులు వాయింపఁగా ఆఱవ ముద్రణమును నెనిమిదవ ముద్రణమును మాత్రమే బాగుగా వచ్చినవనియు, ఒకటి మిక్కిలి గంభీరము, మఱియొకటి మిక్కిలి చురుకు గాఁ దోఁచుటచే రెంటిని జేర్చి యతికించినపుడు దేనికిని లేని యందము కలిగెననియు నతఁడు వివరించెను. రెండు ప్రతులలోని మేలిపాఠములను జేర్చి మూఁడవ ప్రతిని నిర్మించు పరిష్కర్త వాదమే యిది. ప్రతిపక్షులు చెప్పునదియుఁ బరిచితమే: అట్టి మూఁడవ ప్రతి యే కాలమునను, ఏ చోటను నెవ్వరి చేతను వాయింపఁబడినది కాదు.

ఐనను టేపునకు ఒక గుణము కలదు. కత్తిరించినచోట నతుకు కనఁబడును. చెఱపినచోటఁ జెఱపిన గుఱుతు మిగులును. అమెరికా యధ్యక్షుఁడు నిక్సన్ కార్యాలయమున 1972 జూను 20వ తేదీ సంభాషణపు టేపులోఁ బదునెనిమిదిన్నర నిమిషములు శూన్యముగా నుండఁగా, న్యాయస్థానము కొఱకు ఆర్గురు శాస్త్రజ్ఞుల సంఘము దానిని బరీక్షించెను. యంత్రపు మీటలను జేతితో నొక్కి, కనీస మైదు విడివిడి భాగములుగాఁ జెఱపిరని 1974లో వారు నిర్ణయించిరి. మాట దొరకలేదు గాని, చెఱపిన చేయి దొరకెను. ఆ సంఘసభ్యులలో ఉటా విశ్వవిద్యాలయపు టాచార్యుఁడు థామస్ స్టాక్‌హామ్ ఒకఁడు. తరువాతి చరిత్ర మితనితో ముడివడియున్నది.

ధ్వని సంఖ్యారూపము దాల్చుట

శబ్దమును గీఁతగాఁ గాక యంకెలుగా నిలుపవచ్చునను నూహ యంతకుముందే కలదు. 1937లో ఇంగ్లీషు ఇంజనీరు అలెక్ రీవ్స్ ఈ పద్ధతిని గల్పించెను. శబ్దతరంగపు టెత్తును సెకనునకు వేలమాఱులు కొలిచి, ప్రతి కొలతను నొక సంఖ్యగా వ్రాసికొనినచోఁ, దిరిగి యా సంఖ్యలనుండి తరంగమును నిర్మింపవచ్చును. వినఁదగిన మిక్కిలి యున్నతస్వరపుఁ గంపనములకు రెట్టింపునకు మించి కొలతలు తీసికొనిన నేమియుఁ గోలుపోమని నైక్విస్ట్ 1928లోఁ జేసిన కృషినుండి షానన్ 1949లోఁ బ్రకటించిన సిద్ధాంతము వఱకు గణితశాస్త్రము స్థాపించెను. 1957లో బెల్ పరిశోధనాలయమున మాక్స్ మాథ్యూస్ వ్రాసిన సాఫ్ట్‌వేరుచే ఐ.బి.ఎం. 704 కంప్యూటరు పదునేడు సెకనుల సంగీతమును బలికెను. 1972లో జపాను దేశపు డెనాన్ సంస్థ యెనిమిది ట్రాకుల సంఖ్యాముద్రణ యంత్రమును వాడుకలోనికిఁ దెచ్చెను.

స్టాక్‌హామ్ 1975లో సౌండ్‌స్ట్రీమ్ అను సంస్థను స్థాపించి, మఱుసటి సంవత్సరము శాంటా ఫే సంగీతనాటకశాలలో వర్జిల్ థామ్సన్ రచించిన నాటకమును సంఖ్యారూపమున ముద్రించెను. ఆ 1976లోనే యతఁడు పరిష్కరించిన ఎన్రికో కరూసో పాటలు వెలువడెను. కరూసో 1921లో మరణించెను. అతని ప్లేట్లన్నియు బాకాకాలపువి. బాకా తన సొంత రొదను గొంతునకుఁ గలిపి, గొంతును డొల్లవంటిదిగాఁ జేసియుండెను. ఆధునిక గాయకుఁ డొకఁడు పాడిన యదే పాటను బ్రమాణముగాఁ గొని, రెంటిని గణితముచేఁ బోల్చి, భేదమును బాకా దోషముగా నిర్ణయించి తొలఁగించుట యతని పద్ధతి. శిథిలమైన ప్రతిని మఱియొక ప్రతి సహాయమునఁ బూరించుటయే యిది. ఫలితము చెవి కింపుగా నుండెను. కాని యట్లు తొలఁగినదానిలోఁ గరూసో గొంతునకే చెందిన దేదియు లేదని యా గణితమొక్కటియే నిరూపింపఁజాలదు; పూరణ మెప్పుడును బూరణమే.

1977–78 ప్రాంతమున సౌండ్‌స్ట్రీమ్‌వారు పి.డి.పి. 11/60 అను కంప్యూటరునకు డిస్కును, తరంగమును జూపు తెఱను జేర్చి, టేపును గత్తిరింపకయే ధ్వనిని గూర్చు యంత్రమును నిర్మించిరి. వర్క్‌స్టేషను లన్నింటికి నిదియే మూలపురుషుఁ డని పలువురి మతము. ఇందలి యతుకును మెల్లఁగాఁ గరఁగించి రెండు ముద్రణములను గలుపవచ్చును. తెగిన యంచు లేదు, అంటించిన నాడా లేదు. చెఱపిన చేతిని బట్టుటకుఁ బాటుపడిన శాస్త్రజ్ఞుఁడే చేతిజాడ మిగులని సాధనమునకుఁ గర్త యగుట చరిత్రమునందలి వింతలలో నొకటి.

1982లో కాంపాక్ట్ డిస్కు వెలువడుటతో సెకనునకు 44,100 కొలతలు, ఒక్కొక్క కొలతకు 65,536 మెట్లు అను ప్రమాణము స్థిరపడెను. ఈ 44,100 అను సంఖ్య గణితసిద్ధాంతమునుండి పుట్టినది కాదు. ఆ కాలమున సంఖ్యారూపధ్వనిని వీడియో టేపుపై నుంచుచుండిరి. సెకనునకు 60 తెఱలు, తెఱకు 245 పంక్తులు, పంక్తికి 3 కొలతలు చొప్పున 44,100 అగును. ఐరోపా పద్ధతిని 50 తెఱలు, 294 పంక్తులు, 3 కొలతలైనను నంతియే యగును. రెండు ఖండముల యంత్రములకును సరిపడుటచే నీ సంఖ్య నిలిచెను. తాటియాకు వెడల్పును బట్టి పంక్తి పొడవు నిర్ణయమైనట్లు, వీడియో నాడా కొలఁదిని బట్టి ధ్వని కొలఁది నిర్ణయమైనది.

యంత్రశాల మేజాపైకి వచ్చుట

ఈ విద్య మొదట సంపన్నసంస్థలకే లభ్యము. ఏలయన, పై ప్రమాణమున రెండు చెవులకు సరిపడు ధ్వని నిమిషమునకు 1,05,84,000 బైట్లు ఆక్రమించును. 40 మెగాబైట్ల డిస్కున నాలుగు నిమిషముల పాటయైనఁ బట్టదు. కాలిఫోర్నియాలోఁ బీటర్ గోచర్, ఇవాన్ బ్రూక్స్ అను నిరువురు మిత్రులు డ్రమ్ముయంత్రములకు వలయు ధ్వనుల చిప్పులను జేసి యమ్ముచు, 1985లో మాకింటాష్ కంప్యూటరుపైఁ దరంగములను దిద్దు సౌండ్ డిజైనర్ అను సాఫ్ట్‌వేరును వెలువరించిరి. అదియే 1989లో సౌండ్ టూల్స్ అయ్యెను. 1991లో నాలుగు ట్రాకుల ప్రో టూల్స్ అయ్యెను. జర్మనీలో స్టైన్‌బర్గ్ సంస్థ 1989లో అటారి కంప్యూటరునకు క్యూబేస్ అను స్వరలేఖన సాఫ్ట్‌వేరును విడుదల చేసెను; 1996లో నదే సంస్థ వి.ఎస్.టి. అను నేర్పాటుచే మైకు, గది, ప్రతిధ్వని, వాద్యము మున్నగువాని పనులను జేయు ప్లగిన్‌లను గంప్యూటరులోనే చేర్చెను. 1999లో రికీ మార్టిన్ పాట యొకటి పూర్తిగాఁ బ్రో టూల్స్‌లోనే ముద్రితమై, కూర్పఁబడి, మేళవింపఁబడి అమెరికా జనాదరణపట్టికలోఁ బ్రథమస్థానమందెను. అట్టి పాటలలో నిదియే మొదటిదని ప్రసిద్ధి. 2000లో ఆడాసిటీ యను నుచిత సాఫ్ట్‌వేరును, 2004లో ఆపిల్‌వారి గరాజ్‌బ్యాండును రాఁగా, లక్షల వెలగల యంత్రశాల చేయు పనిలో ముఖ్యభాగము సామాన్యుని మేజాపైకి వచ్చెను. ఇందలి మేలు గొప్పది. పాట ముద్రింపవలెనన్నఁ బెద్ద నగరపు స్టూడియోకుఁ బోనక్కఱలేకపోవుటచే, పల్లెయందలి హరిదాసును, జానపదగాయకుఁడును దమ గొంతును దామే నిలుపుకొనఁగలుగుచున్నారు.

వర్క్‌స్టేషను పనిచేయు రీతి నొక్కింత తెలిసికొనవలెను. గాయకుఁడు పాడిన ముద్రణము డిస్కునఁ జెక్కుచెదరక యుండును. తెఱపైఁ గత్తిరించునపుడు నిజముగాఁ దెగునది లేదు. ఈ ట్రాకున మొదటి ముద్రణములోని పండ్రెండవ సెకను మొదలు ఇరువదియవ సెకను వఱకు, పిమ్మట మూఁడవ ముద్రణములోని యిరువదియవ సెకను మొదలు వినిపింపుము, ఇంత హెచ్చింపుము, ఈ ప్లగిన్ గుండఁ బంపుము అను నాజ్ఞల పట్టికయే సెషను. ఎపుడైనను వెనుకకుఁ బోయి దిద్దుబాటును రద్దు చేయవచ్చును. మూలమును జెఱపక, పాఠాంతరములను విడిగా వ్రాసికొను పరిష్కర్త పద్ధతి యిది. వేమన పద్యములకై పెక్కు ప్రతులను సేకరించి పోల్పించిన బ్రౌను దొర చూచినచో మెచ్చుకొనఁదగిన యేర్పాటే.

దీనికిఁ బ్రక్కనే మఱియొక శక్తి చేరినది. భూగర్భమునఁ జమురును వెదకుటకు వాడు గణితమును సంగీతమునకు మరలించి, ఆండీ హిల్డిబ్రాండ్ 1997లో ఆటో-ట్యూన్ అను ప్లగిన్‌ను వెలువరించెను. తప్పిన స్వరమును సమీపస్వరస్థానమునకు లాగుట దాని పని. పాశ్చాత్యసంగీతమునకుఁ బండ్రెండు మెట్లు చాలవచ్చును. గమకమే ప్రాణముగాఁ గల మన సంగీతమున రెండు స్వరముల నడుమ జాఱు జాఱువును దోషముగా నెంచి సరళరేఖగా దిద్దినచో, దిద్దఁబడునది తప్పు కాదు, రాగమే. సాధనము దోషి కాదు. ఏది దోషమో యెఱుఁగని చేతికి సాధనము చిక్కుట దోషము.

మూలప్రతి యేది?

ఇపుడు మొదటి ప్రశ్నలకు రావలెను. వర్క్‌స్టేషనునఁ దయారైన పాటకు మూలప్రతి యేది? జనులు వినునది తుదిమేళనము. అందు దిద్దుబాటు జాడలు లేవు. జాడలన్నియు సెషనులో నున్నవి. కాని సెషను పట్టిక మాత్రమే. అది పేర్కొను ధ్వనిఫైళ్లలో నొక్కటి తప్పిపోయినను నాచోటు మౌనము. అది పిలుచు ప్లగిన్ పదియేండ్లకు మూలఁబడిన నా ధ్వని మఱల రాదు. సాఫ్ట్‌వేరు సంస్థ మూఁతపడిన పట్టికను జదువువాఁడే యుండఁడు. మైనపు స్తూపమును నూఱేండ్ల తరువాత సూదితోఁ జదువవచ్చును, మసికాగితమును నూటయేఁబది యేండ్లకుఁ గంటితోఁ జదివిరి. ఇరువదియేండ్లనాఁటి సెషనును దెఱచుట వానికంటెఁ గష్టమగుట కలదు. దిద్దుబాటు చరిత్రమును సంపూర్ణముగా దాఁచు శక్తి గల సాధనమే దానిని మిక్కిలి శీఘ్రముగాఁ గోలుపోవు సాధనమును నైనది.

దీనికిఁ బ్రతీకారము లేకపోలేదు. పని ముగిసినపిదప నొక్కొక్క ట్రాకును మొదటి సెకనునుండి తుదివఱకు నేకఖండమైన సామాన్య వేవ్ ఫైలుగా విడఁదీసి దాఁచినచో నే సాఫ్ట్‌వేరైనను వానిని బక్కపక్కన నిలుపఁగలదు. ఎవరు పాడిరి, ఎప్పుడు, ఎక్కడ, ఏ శ్రుతిలో, ఏ వేగమున, ఏది తొలఁగింపఁబడినది, ఏది చేర్పఁబడినది యను వివరమును సాదా వ్రాఁతలో జతపఱుపవలెను. ధ్వనిభాండారముల యంతర్జాతీయ సంఘము ప్రాఁతముద్రణములను డిజిటల్ రూపమునకు మార్చువారికిఁ జేసిన విధి యిట్టిదే: కనీసము 24 బిట్లు, సెకనునకు 48,000 కొలతలు, మొదట నే సవరణయు లేని యథాతథప్రతి, రొద తీసివేసిన వినికిడిప్రతి దానికి వేఱుగా.

తెలుఁగునాఁట నీ విధికిఁ గల ప్రయోజన మధికము. రంగస్థలపద్యములు, హరికథలు, కీర్తనలు గల ప్రాఁత ప్లేట్లను నేఁ డనేకు లిండ్లలోనే వర్క్‌స్టేషనునకుఁ దెచ్చి, రొద తీసి, ప్రతులు పంచుచున్నారు. వారి శ్రద్ధ కొనియాడఁదగినది. కాని రొదతోఁ గూడ గాయకుని యూపిరిని, సకారముల పదునును, తంబురా నాదపు మెఱుఁగును దుడిచివైచి, తుడువని ప్రతిని దాఁపకున్న నష్టము తీరదు. వేగమును గూడ గమనింపవలెను. నిమిషమునకు 78 చుట్లని పేరేగాని తొలికాలపు ప్లేట్లన్నియు నా వేగముననే చెక్కఁబడినవి కావు. 74 చుట్లతోఁ జెక్కిన ప్లేటును 78 చుట్లతోఁ ద్రిప్పిన శ్రుతి యించుమించుగా నొక స్వరస్థానము పెరుఁగును, కాలము తగ్గును, గొంతు పలుచనగును. అట్టి ప్రతిని విని, ఫలాన నటుఁ డింత హెచ్చుశ్రుతిలో నింత త్వరగాఁ బాడెడివాఁ డని చరిత్రకారుఁడు వ్రాసినచో, స్కాటు గొంతును బాలిక గొంతుగా వినిన పొరపాటే మఱల జరుగును. స్కాటు కాగితమున శ్రుతిదండపు గీఁత యుండెను. మన ప్రతులలో నట్టి గీఁత లేకున్న దిద్దువారెవ్వరు?

రాగిఱేకులను జెక్కించినవారు కీర్తన తలపై రాగము పేరును మఱవక వ్రాయించిరి. ఆ యొక్క మాటయే నాలుగు వందల యేండ్ల తరువాత స్వరకర్తలకు దారి చూపినది. నేఁటి ధ్వనిలేఖకుని చేత రాగిఱేకున కెన్నియో రెట్లు శక్తిగల పరికరము కలదు. గొంతును సంపూర్ణముగా నిలుపఁగలఁడు, యథేచ్ఛగా దిద్దనుఁగలఁడు. అతనినుండి తరువాతి తరమువారు కోరునది స్వల్పము: దిద్దక ముందటి ప్రతి యొకటి, దిద్దితి నని చెప్పు పంక్తి యొకటి.